సలహాదారు గారి బోర్డు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని సంఘటన ఒకటి చెప్పండి" అంటారు. వరదల కథో, ఎన్నికల డ్యూటీలో బ్యాలెట్ పెట్టెలు మోసిన కథో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక బోర్డు కథ చెబుతాను. వాళ్ల మొహాలు చిన్నబోతాయి. అయినా చెబుతాను. ప్రభుత్వం అంటే ఏమిటో నాకు ఆ బోర్డు చెప్పినంత బాగా ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

నిజామాబాద్‌లో రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్ దాకా వచ్చిన దాన్ని. రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో నన్ను మా జిల్లా మంత్రిగారి క్యాంపు ఆఫీసుకు డెప్యుటేషన్ మీద వేశారు. క్యాంపు ఆఫీసంటే ఏమిటో తెలియని వాళ్లకు చెప్పాలి. మంత్రిగారు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు జనం ఆయన కోసం ఇక్కడ నిలబడే చోటు అది. వాళ్ల అర్జీలు తీసుకోవడం, సిబ్బంది హాజరు చూడటం, జీతాల బిల్లులు పంపడం నా పని. "మీరు సీనియర్, పైగా నెమ్మదస్తులు, అందుకే మిమ్మల్ని వేశాం" అన్నాడు మా అధికారి. అందులో మొదటి మాట నిజమే.

మంత్రిగారికి ఎన్నికల్లో సభలకు జనాన్ని తోలిన మనిషి ఒకాయన ఉండేవాడు. కోటగిరి వైపు మనిషి. ఏ ఊరి నుంచి ఎన్ని ట్రాక్టర్లు రావాలి, ఎవరికి మజ్జిగ ప్యాకెట్టు ఇవ్వాలి, ఎవరికి బిర్యానీ ప్యాకెట్టు ఇవ్వాలి, ఏ మాట దగ్గర చప్పట్లు కొట్టించాలి, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఎన్నికలయ్యాక కార్పొరేషన్ పదవి అడిగాడు, రాలేదు. మార్కెట్ కమిటీ అడిగాడు, అది ఇంకొకరి బావమరిదికి పోయింది. ఆయన అలిగి ఫోను బంద్ పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. రాజకీయాల్లో అలకను మించిన అర్హత లేదని నేను అప్పుడే నేర్చుకున్నాను.

ఒకరోజు మంత్రిగారు నన్ను లోపలికి పిలిచారు.

"మేడం, మనాయన్ని ప్రత్యేక సలహాదారుగ పెట్టుకుందాం. ఫైలు తయారు చెయ్యండి."

"దేనికి సలహాదారు సార్?"

మంత్రిగారు కాసేపు కిటికీలోంచి బయటకు చూశారు. గేటు అవతల చెరకు రసం బండి ఉంది.

"చెరకు" అన్నారు.

"బోధన్ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది కద సార్. సగం మంది వరికి మారిపోయిండ్రు."

"అందుకే గద మేడం, సలహా కావాలె."

ఫైలు తయారుచేశాను. ఇలాంటి ఫైళ్లలో విధులు అని ఒక చోటు ఉంటుంది. అక్కడ ఏం రాయాలో తెలియక కాబోయే సలహాదారునే అడిగాను. "అన్నీ రాయుండ్రి అక్కా" అన్నాడు. అన్నీ రాయడానికి అది నైవేద్యం పళ్లెం కాదు. "చెరకు విషయంలో మంత్రిగారికి సలహాలు ఇచ్చుట" అని ఒక్క వాక్యం రాసి పంపాను. పై నుంచి అలాగే ఆమోదమై వచ్చింది. మంత్రులకు నాలుగు మంచి మాటలు చెప్పే వాళ్లు ఉండాలనే నేనూ అంటాను. రుద్రూర్ పరిశోధనా కేంద్రంలో చెరకు మీదే జీవితమంతా గడిపిన వాళ్లు ఉన్నారు. బస్సెక్కితే వాళ్ల దగ్గరికి పోవచ్చు. కానీ వాళ్లు ఎప్పుడూ అలగలేదు. అలగని వాళ్లకు పదవి ఎందుకిస్తారు?

సలహాదారు ఒక్కడే రాడు. ఆయన వెంట ఒక గది వస్తుంది, కారు వస్తుంది, డ్రైవరు, అటెండరు, పీఏ వస్తారు. మా ఆఫీసులో ఖాళీ గది లేదు. అర్జీలు పట్టుకుని వచ్చే వాళ్లు కూర్చోవడానికి ఫ్యాన్ల కింద ఒక హాలు ఉండేది. దానికి అడ్డంగా ప్లైవుడ్ కొట్టి గది చేశారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎండలోకి పోయారు. ఫ్యాన్లు రెండూ సలహాదారు మీద తిరగడం మొదలుపెట్టాయి.

ఇక పీఏ. తన మేనల్లుణ్ణి పెట్టుకోవాలని ఆయన కోరిక. ఆ మేనల్లుడు వచ్చి చూసి, పొద్దున పదింటికల్లా రావాలని తెలుసుకుని, ఆలోచించుకుని చెబుతానని వెళ్లిపోయాడు. అప్పుడు మా దగ్గరున్న భాయ్‌ని ఆయనకిచ్చారు.

భాయ్ గురించి కొంచెం చెప్పాలి. ఆయనది బోధన్‌లో తాతల కాలం నుంచి ఉన్న ముస్లిం కుటుంబం. వాళ్ల ఇంట్లో మగవాళ్లంతా బోర్డులు రాసేవాళ్లు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఏది కావాలంటే అది. బోధన్ బజార్లో పాత కిరాణా దుకాణాల మీద ఇప్పటికీ వాళ్ల నాన్న అక్షరాలు కనిపిస్తాయి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు ఎండిపోయాయి. భాయ్ మా ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ కింద చేరి, రాయడం రాని వాళ్లకు మెట్ల కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాడు. ముత్యాల్లాంటి రాత. ఇంటి కిరాయి, కొడుకు పాలిటెక్నిక్ చదువు, తల్లి మందులు, అన్నీ ఆ జీతం మీదే. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమంటే తెలుసు కదా? ఏటా మార్చిలో ఏజెన్సీ కొత్త జాబితా వస్తుంది. అందులో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు. మార్చి వస్తే భాయ్‌కి అన్నం సహించేది కాదు. చిన్న ఉద్యోగం అనకండి. ఆ ఇంటికి అదే పెద్దది.

సలహాదారు చేరిన రోజు మొదటి ఉత్తర్వు తన బోర్డు గురించే. "ఫ్లెక్సీ వద్దు భాయ్, అది పెండ్లిళ్లకు పెడ్తరు. రంగుతోటి రాయి." భాయ్ సంతోషపడ్డాడు పాపం, చాలా రోజులకు కుంచె పట్టాడు. పేరు, కింద "ప్రత్యేక సలహాదారు". మర్నాడు ముందు "మంత్రిగారి" చేర్చమన్నాడు. వారం తిరగకుండానే కింద "చెరకు మరియు అనుబంధ విషయాలు" అని చేర్చమన్నాడు.

"అనుబంధ విషయాలంటే ఏంది సాబ్?" అని భాయ్ అడిగాడు.

ఆయన ఆలోచించి, "బెల్లం" అన్నాడు.

భాయ్ నా దగ్గరికొచ్చి, "మేడం, ఇంకో పదవొస్తే గోడ సాలది" అన్నాడు. ఆ ఆఫీసులో నన్ను నవ్వించిన మనిషి ఆయనొక్కడే.

ఇంతకీ సలహాలు? మంత్రిగారు ఎప్పుడూ అడగలేదు. ఈయన ఎప్పుడూ ఇవ్వలేదు. నా చెవులతో విన్న సలహా ఒక్కటే. కందకుర్తి సంగమం దగ్గర ఏదో కార్యక్రమమయ్యాక, "సార్, ఎండ కొడ్తున్నది, కారెక్కుండ్రి" అన్నాడు. మంత్రిగారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు అలాగే సాగిపోతే ఎవరికీ నష్టం లేకపోయేది. ఒక కుర్చీ, రెండు ఫ్యాన్లు పోయాయనుకునేవాళ్లం. కానీ చెరకు కోతల కాలం వచ్చింది.

చెరకు సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వైపు మిగిలిన చెరకు దూరంగా ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీకి పోయేది. ఇష్టం వచ్చినప్పుడు కోసుకుని తీసుకుపోవడం కుదరదు. ఎవరు ముందు నాటితే వాళ్లకు ముందుగా ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వస్తుంది. ఆర్డర్ వచ్చాకే కోయాలి. కోసిన చెరకు వెంటనే గానుగ పడాలి. ఎండలో నిలబడితే రసం ఇగిరిపోతుంది, తూకం పడిపోతుంది. ఇది మా జిల్లాలో పశువులు కాసేవాళ్లకు కూడా తెలుసు. సలహాదారుకూ తెలుసు. ఆయన చెరకు రైతు కొడుకే. ఆయనకు తెలియనిది ఒక్కటే, కాదు అనడం.

ఆయన ఊరివాడు ఒకతను వచ్చి, "అన్నా, నా వంతు ఇంకో నెలకు గాని రాదట. కోత కూలీల గుంపు మహారాష్ట్ర నుంచి అచ్చి కూసున్నది, ఆగమంటే ఆగరు" అన్నాడు. ఫ్యాక్టరీ వంతుతో మనకేం సంబంధం అని చెప్పి పంపాలి. చెబితే సలహాదారు హోదా ఏం కావాలి? భాయ్‌ని పిలిచాడు. మంత్రిగారి పేరున్న కాగితం మీద, "ఈ రైతు మన మనిషి. ముందుగా కోతకు అవకాశం ఇవ్వగలరు" అని చీటీ రాయించాడు. ముద్ర వేయించాడు. సంతకం మాత్రం తాను పెట్టలేదు.

"సాబ్, మీరు దస్కతు పెట్టుండ్రి" అన్నాడు భాయ్.

"నేను పెడితే రేపు ఎవడన్న కోర్టుకు పోతడు. నా తరఫున నువ్వు పెట్టు. నీ రాత సూస్తేనే గేటు తెరుస్తరు."

భాయ్ తెరిచిన తలుపులోంచి నా వైపు చూశాడు. నేను లేచి సలహాదారు గదిలోకి వెళ్లాను.

"అన్నా, ఇతనికి ముందిస్తే వెనక్కి పోయేది ఎవరి వంతు?"

"అక్కా, మీరు ఆఫీసుల కూసుంటరు. మీకు ప్రజలు తెల్వరు."

భాయ్ సంతకం పెట్టక తప్పలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి వంతులో తెచ్చి ఎవరికో పంచడం అలా మొదలైంది. హైదరాబాద్‌లో మంత్రిగారి ప్రైవేటు సెక్రటరీకి ఫోన్ చేసి చెప్పాను. "సలహాదారు గారి వ్యవహారం కదమ్మా, మనం వేలు పెట్టొద్దు" అన్నాడాయన. వేలు పెట్టని వాళ్లంతా పదోన్నతులు పొందడం చూశాను కాబట్టి ఆశ్చర్యపోలేదు.

అసలు తెలివి ఇంకా ముందుంది. మంత్రిగారు ఆ ఫ్యాక్టరీ ఆవరణలో రైతులతో సభ పెట్టాలనుకున్నారు. జనాన్ని తెచ్చే బాధ్యత ఎవరిది? ఇంకెవరిది! ఆయన చేతికి అలవాటైన పని అదొక్కటే. చీటీ తీసుకున్న ప్రతి రైతుకూ ఆ రోజే రమ్మని చెప్పాడు. "సభనాడు పొద్దుగాలనే గేటు కాడ బండి పెట్టు. మంత్రిగారుంటరు, నేనుంట, ఎవడు ఆపుతడో సూస్త. ఎవ్వలకు జెప్పకు. నీ ఒక్కనికే ఇస్తున్న." జనానికి జనమూ వస్తారు, పనికి పనీ అవుతుందని ఆయన లెక్క.

రైతులను కూడా నేను వెనకేసుకురాను. దగ్గితే వాట్సాప్‌లో పెట్టే మనుషులు ఆ చీటీ మాత్రం పక్కింటి వాడికి చూపించలేదు. అది ఇంకొకడి వంతు అని వాళ్లకు తెలుసు. అందుకే ఎవరికి వాళ్లు గుట్టుగా కూలీలను పెట్టి కోయించారు. అన్నకు తెలియకుండా తమ్ముడు, తమ్ముడికి తెలియకుండా అన్న కోసిన ఇళ్లు కూడా ఉన్నాయని తర్వాత విన్నాను.

సభ రోజు సలహాదారు కారులో నన్నూ తీసుకెళ్లారు. ముందు సీట్లో భాయ్. ఫ్యాక్టరీ ఇంకా కనిపించకముందే రోడ్డు పక్కన చెరకు ట్రాలీలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, చూసినంత మేర చెరకే. సలహాదారు మొహం వెలిగిపోయింది.

"సూసిండ్రా అక్కా, మన జనం!" అన్నాడు.

భాయ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

గేటు దగ్గర కారు దిగాం. అక్కడ నలుగురు రైతులు గేటు మనిషితో గొడవ పడుతున్నారు. ఒకతను చీటీ తీసి ఝాడించాడు. "మంత్రిగారి ఆఫీసు కాగితం. నా ఒక్కనికే ఇచ్చిండ్రు."

పక్కనున్న వాడు తన చీటీ తీశాడు. "నీ ఒక్కనికేంది? నా ఒక్కనికే ఇచ్చిండ్రు."

వెనక నుంచి ఇంకొకడు, ఇంకొకడు. ఆ చేతుల్లోని చీటీలన్నీ ఒకే రాత, ఒకే మాట. ఒకరి చీటీ ఒకరు లాక్కుని చదివారు. తర్వాత ఒకాయన మెల్లగా, "అందరికీ నీ ఒక్కనికే అన్నడారా వీడు?" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియని గొంతు అది. ఆ వెంటనే తిట్లు మొదలయ్యాయి. మా వైపు తిట్లలో కొరత ఉండదు కాబట్టి ఇక్కడ రాయను.

గుంపులోంచి ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయనది రుద్రూర్ అవతలి పల్లె. చేతిలో ఫ్యాక్టరీ ఇచ్చిన అసలు కటింగ్ ఆర్డర్.

"బిడ్డా, నువ్వు ఆఫీసర్‌వా? నాది అసలు కాయితం. ఇయ్యాల నా వంతే. నా బండి గా మూల మీదున్నది, ముందలికి పోనిస్తలేరు. జర చెప్పు బిడ్డా."

ఎవరికి చెప్పను? సలహాదారు కోసం వెతికితే ఆయన కారులో కూర్చుని అద్దాలు ఎక్కించుకుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. ఆ ఫోనులో అవతల మనిషి లేడని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

అప్పుడే మంత్రిగారి కార్లు వచ్చాయి. దూరం నుంచి ఆ బారు చూసి ఆయన కూడా జనమే అనుకున్నారు. అద్దం దించి చేయి ఊపుతూ వచ్చారు. ఒకచోట రెండు ట్రాలీల మధ్య కారు ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ఊపుతున్న చేతిలో ఎవరో ఒక చీటీ పెట్టారు. తర్వాత ఇంకొకరు పెట్టారు. మంత్రిగారు తెల్ల బట్టలతో, చెరకాకు తొక్కుకుంటూ, కాపలా వాళ్ల భుజాల మధ్య నడిచి గేటు లోపలికి పోయారు. సభ జరిగింది. వేదిక మీద పది మంది, కింద కుర్చీలు. రైతులంతా తమ బండ్ల దగ్గరే ఉన్నారు.

మధ్యాహ్నానికి రాస్తారోకో మొదలైంది. ఆ బారు కరగడానికి రోజులు పట్టింది. ఈలోగా చెరకు ఎండింది. చీటీలు తీసుకున్న వాళ్లది ఎండింది సరే, వాళ్ల పాపం వాళ్లది. ఏ చీటీ తీసుకోకుండా, వంతు కోసం నెలల తరబడి ఓపిక పట్టిన ఆ ముసలాయనది కూడా వాటితోపాటే ఎండింది. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్న తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు బోధన్ గెస్ట్‌హౌస్‌లో మీటింగు. మీటింగంటే లోపల మంత్రిగారు, సలహాదారు, నేను. బయట వరండాలో భాయ్ నిలబడి ఉన్నాడు. టేబుల్ మీద చీటీల కుప్ప.

"ఏందయ్యా గిది?" అన్నారు మంత్రిగారు. "పేపర్లు జూసినవా? నా కారు ఫోటో ఏసిండ్రు, చెరకు నడుమ."

సలహాదారు ఏ మాత్రం తొణకలేదు. "సార్, నేను సలహా ఇచ్చేటోన్ని. నా ఆర్డర్లనే ఉన్నది, సలహాలు ఇచ్చుట అని. చీటీలు నేను రాస్తనా? మా పీఏ రాసిండు. దస్కతు సూడుండ్రి, నాదెక్కడున్నది?"

మంత్రిగారు ఒక చీటీ తీసి చూశారు. ఆయన మొహంలో కోపం పోయి ఒక తేలిక కనిపించింది. దారి దొరికినవాడి తేలిక. "అయితే వాన్ని తీసెయ్యుండ్రి మేడం. ఇప్పుడే రాయుండ్రి. పేపరోళ్లకు చెప్పాలె గద, చర్య తీసుకున్నమని."

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! తలుపు సందులోంచి భాయ్ భుజం కనిపిస్తోంది. ఆయనకు ప్రతి మాటా వినబడుతోంది.   అంత పెద్ద మంత్రి, అంత పెద్ద బోర్డున్న సలహాదారు, ఇద్దరూ కలిసి నెల జీతం మీద బతికే ఒక మనిషి వెనక దాక్కోవడం చూసి నాకు అసహ్యం వేసింది. తెల్ల కాగితం తీసుకుని అక్కడే ఉత్తర్వు రాసి మంత్రిగారి ముందు పెట్టాను.

ఆయన పైకే చదివారు. "ప్రత్యేక సలహాదారు గారు నోటిమాటగా ఆదేశించిన ప్రకారం రైతులకు చీటీలు రాసి ఇచ్చినందున, పీఏను విధుల నుంచి తొలగించడమైనది."

చదివి, మొదటి మాటల మీద వేలు పెట్టి నా వైపు చూశారు.

"మేడం, గా ముందటి ముక్క తీసెయ్యుండ్రి."

"తీసేస్తే కారణం సగమే ఉంటుంది సార్. ఎవరు చెబితే రాశావని పేపరు వాళ్లు అతన్నే అడుగుతారు. అతను చెబుతాడు. ఉత్తర్వులో ఉంటే అడిగే పని ఉండదు."

సలహాదారు నన్ను ఆ రోజు అక్కా అనలేదు. "మేడం గారు శాన తెలివైనోళ్లు" అన్నాడు.

మంత్రిగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "పోనియ్యుండ్రి. పేదోడు. వాని పొట్ట కొట్టి మనకేమొస్తది?" అన్నారు. ఆ దయకు వరండాలో నిలబడ్డ భాయ్ చేతులు జోడించాడు. నాకు మాత్రం గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

రెండు రోజులకు పేపర్లలో వచ్చింది. చీటీల వ్యవహారం మీద కమిటీ వేశారు. కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? సలహాదారే. రైతుల సమన్వయం కూడా ఆయనకే అదనంగా అప్పగించారు. అదనపు బాధ్యతకు అదనపు అటెండరు కావాలని నా టేబుల్ మీదికి ఫైలు వచ్చింది. భాయ్ నిచ్చెన వేసుకుని బోర్డు మీద నాలుగో వరుస రాశాడు. గోడ ఎలాగో సరిపోయింది.

తర్వాత మార్చి వచ్చింది. ఏజెన్సీ జాబితా వచ్చింది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. భాయ్ పేరు లేదు. ఆ చోట సలహాదారు మేనల్లుడి పేరు ఉంది. పదింటికి రావడానికి మొత్తానికి మనసు కుదిరినట్టుంది. నేను మంత్రిగారి దగ్గరికి వెళ్లాను.

"తీసెయ్యలే గద మేడం" అన్నారాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "కొనసాగించలే. గంతే."

తొలగించడానికి కారణం రాయాలి. కొనసాగించకపోవడానికి ఏమీ రాయనక్కర్లేదు. నా తెలివి అక్కడిదాకా పోలేదు, వాళ్లది పోయింది. పైన అడిగాను, ఏజెన్సీని అడిగాను, యూనియన్ వాళ్లను అడిగాను. అందరూ ఒకటే మాట, జాబితా పై నుంచి వచ్చింది. పై అంటే ఎవరో చెప్పమంటే అందరూ సీలింగు వైపు చూసేవాళ్లు.

భాయ్ బీరువా తాళాలు అప్పగించడానికి వచ్చాడు. నా మొహం చూసి ఆయనే మొదలుపెట్టాడు. 

"ఎందుకు మేడం గంత రంది? గా గెస్ట్‌హౌస్ నాడే పోవాల్సిన నౌకరి. మీరు నాకు మార్చి దాక ఇప్పించిండ్రు. పోరని పరీక్ష ఫీజు కట్టుకున్న. అల్లా మిమ్ముల సల్లగ సూస్తడు."

మెట్ల దగ్గర ఆగి తన చేత్తో రాసిన బోర్డు వైపు ఒకసారి చూశాడు. అక్షరాలు బాగా కుదిరాయా లేదా అని చూసినట్టు చూసి, వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. శాలువా కప్పినవాళ్లలో సలహాదారు కూడా ఉన్నాడు. నా గురించి మాట్లాడుతూ నెమ్మదస్తురాలు అన్నాడు. ఆ పై ఎన్నికల్లో మంత్రిగారు ఓడిపోయారు. క్యాంపు ఆఫీసు ఖాళీ అయింది. ప్లైవుడ్ గోడ పీకేశారని విన్నాను. రైతుల సమన్వయం ఏమైందో ఎవరూ అడగలేదు. అది మొదలైందని ఎవరికీ తెలియదు కదా.

మొన్నామధ్య బంధువుల ఇంటికి బోధన్ పోయినప్పుడు భాయ్ దుకాణం వెతుక్కుంటూ వెళ్లాను. ఇరుకు దుకాణం. కొడుకు కంప్యూటర్ ముందు ఫ్లెక్సీలు చేస్తున్నాడు, తండ్రి ఓ మూల కుంచెతో రాస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే లేచి స్టూలు తుడిచి, చాయ్ తెప్పించాడు.

"మేడం, మన సాబ్ వచ్చిండు" అన్నాడు, కళ్లతోనే నవ్వుతూ.

"ఏ సాబ్?"

"గా చెరకు సాబ్. పాత బోర్డు పట్టుకొని వచ్చిండు. ఇంటి ముందల పెట్టుకుంటడట. ముందల మాజీ అని రాయి భాయ్ అన్నడు. ఎంత పెద్దగ రాద్దాం సాబ్ అని అడిగిన. నాకేం ఎరుక, నువ్వే జెప్పు అన్నడు."

"ఏం చెప్పావు?"

"మాజీ చిన్నగుంటే పదవి పోయిందని దాసిపెడ్తున్నడంటరు సాబ్, పెద్దగ రాస్తేనే పెద్దమనిషి అంటరు అన్న. నిజమే భాయ్, గట్లనే కానియ్ అన్నడు."

చాయ్ గ్లాసు కింద పెట్టి ఇద్దరం నవ్వాం. కొడుకు కంప్యూటర్ వదిలి మమ్మల్ని వింతగా చూశాడు.

ఆ సాయంత్రమే పని కల్పించుకుని కోటగిరి బస్సెక్కాను. రోడ్డు వారనే ఇల్లు. బస్సు అక్కడ మలుపు తిరగడానికి నెమ్మదించింది. గేటు మీద బోర్డు ఉంది. ఎర్ర రంగుతో, మూరెడు ఎత్తున, "మాజీ". దాని కింద, పాత అక్షరాలు చెరిపి, కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగితే తప్ప చదవలేనంత సన్నగా, పేరూ పదవీ చెరకూ అనుబంధ విషయాలూ. కిటికీ పక్కన కూర్చున్న ఒక రైతు "మాజీ" అని పైకి చదివి, ఇంకేమీ చదవకుండా మొహం తిప్పుకున్నాడు.

అందుకే పిల్లలకు ఈ కథ చెబుతాను. ఆ సలహాదారు కొలువు పుట్టిన నాటి నుంచి ఒకరు సలహా అడిగి, ఒకరు చెప్పి, చెప్పింది చెప్పినట్టు అమలు జరిగింది ఆ ఒక్కసారే. అడిగింది సలహాదారు. చెప్పింది భాయ్.